కర్ర తోట రైతు వినకూడని సలహాలు

పెదకూరపాడు చుట్టుపక్కల సేద్యం అనగానే పత్తి, మిరప గుర్తొస్తాయి. కర్ర తోటను పంటగా లెక్కపెట్టేవాళ్లు తక్కువ. కూలీలు దొరక్క విసిగిన రైతు, పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ ఊళ్లో ఎకరమో రెండెకరాలో ఉంచుకున్న మనిషి, నీరు సరిగా ఎక్కని పొలం చెక్క ఉన్న కుటుంబం సుబాబుల్‌కో జామాయిల్‌కో దిగుతారు. నాటిన రోజు, నరికే రోజు తప్ప మధ్యలో తోట మొహం చూసేది అరుదు. ఆ రెండు రోజుల్లో మాత్రం సలహాలకు కొదవుండదు. టీ కొట్టు దగ్గర ఒకటి, నర్సరీలో ఒకటి, లారీ మాట్లాడే మనిషి నోట ఒకటి, ఫోన్ వీడియోలో ఇంకొకటి.

సలహా ఇచ్చినవాళ్లంతా చెడ్డవాళ్లు కారు. చాలామంది తమకు కలిసొచ్చింది చెబుతారు, లేదా తాము విన్నది చెబుతారు. నష్టం మాత్రం తోట ఉన్నవాడికే. అందుకని నాటడం దగ్గర్నుంచి సామిల్లు దాకా తరచుగా వినపడే తప్పుడు సలహాలను వరసగా పెట్టి, ఒక్కోదానిలో తప్పేమిటో, బదులుగా ఏం చేయాలో రాస్తున్నాను.

ముందే ఒక మాట. చిన్న తోట రెండు పంటలిస్తుంది: పొయ్యికి కట్టె, సామిల్లుకు దుంగ. నాసి కర్ర ఎప్పటికప్పుడు పొయ్యికి పోతుండాలి, మంచి కర్ర నిలబడి చేవ కట్టాలి. కింద చెప్పే సలహాల్లో ఎక్కువ భాగం ఈ వరసను తలకిందులు చేసేవే.

1. “ఏదో ఒకటి నాటెయ్ అబ్బాయ్, చెట్టు కదా, అదే పెరుగుద్ది”

ఇక్కడి నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. నెర్రె విచ్చినప్పుడు సన్న వేళ్లు తెగుతాయి. ముసురు పట్టినప్పుడు నీరు కిందికి దిగక వేళ్లకు గాలి అందదు. ఈ రెండు బాధలూ ఓర్చుకునే చెట్టే ఇక్కడ బతుకుతుంది.

టేకుకు నీరు నిలవని లోతైన నేల కావాలి. ఎర్రచందనం పుట్టిల్లు శేషాచలం కొండల గులకరాళ్ల నేల. సరుగుడుకు బాపట్ల, చీరాల తీరంలో ఉన్నట్టు ఇసుక ఉండాలి. అక్కడ ఏపుగా పెరిగిందని తెచ్చి రేగడిలో పెడితే చెట్టు బతికినా ఎదగదు. సుబాబుల్‌కు సున్నపు పాలున్న నేల ఇష్టమే గాని, మొదట్లో నీరు నిలిస్తే తట్టుకోదు.

ఎవరూ నాటకుండానే ఇక్కడి గట్ల మీద మొలిచే నల్ల తుమ్మను మనం చెట్టుగానే చూడం. బండి చక్రాలు, నాగళ్లు, గొడ్డలి పిడులు ఆ కర్రతోనే చేశారు. దాని కాయలు మేకలకు మేత, బంక అమ్ముడుపోతుంది, కట్టె గట్టిగా, ఎక్కువసేపు మండుతుంది. వేప కూడా అంతే: ద్వారబంధానికి, పెట్టెలకు, మంచాలకు పనికొస్తుంది. నాటే ముందు మీ ఊరి పొలిమేరలో ముప్పై నలభై ఏళ్ల నుంచి నిలబడిన చెట్లు ఏ జాతివో తిరిగి చూడండి. తర్వాత మీ చెక్కలో మూడడుగుల గుంత తీసి, నీళ్లు నింపి, మర్నాటికి ఎంత ఇంకిందో చూడండి. నర్సరీకి వెళ్లేది ఆ తర్వాతే.

2. “కంచెకు సర్కారు తుమ్మ గింజలు చల్లు, ఖర్చు లేదు”

సర్కారు తుమ్మ మన దేశపు చెట్టు కాదు. 1870ల్లో జమైకా నుంచి గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకుకు కరువు ఉన్న ఎండు ప్రాంతాలకు అది అప్పట్లో మేలు చేసే చెట్టుగానే కనిపించింది. కట్టె మంచిదే, బొగ్గు ఇంకా మంచిది. కానీ కాయలు తిన్న పశువులు పేడతో గింజలను ఊరంతా మోస్తాయి. పైకి నరికితే మొదట్లోంచి రెట్టింపు పిలకలేస్తుంది. వదిలించుకోవాలంటే మొదలు చుట్టూ జానెడు లోతుకు తవ్వి, మొగ్గ పుట్టే గడ్డ భాగంతో సహా తీయాలి. ఉన్నచోట కొట్టి పొయ్యికి వాడుకోండి. లేనిచోటికి మాత్రం మీ చేత్తో తీసుకెళ్లకండి.

3. “టేకు వెయ్, పదిహేనేళ్లకు ఎకరానికి కోటి”

ఈ మాట కొత్తది కాదు. 1990ల్లో టేకు తోటల పేరుతో దేశమంతా పత్రికల్లో ప్రకటనలు వచ్చాయి. ఇన్ని వేలు కట్టండి, ఇన్ని చెట్లు మీవి, ఇన్నేళ్లకు ఇన్ని లక్షలు అన్నారు. ఎన్నో మధ్యతరగతి కుటుంబాలు డబ్బు కట్టి పోగొట్టుకున్నాయి. అలాంటి పథకాలకు పగ్గం వేయడానికి 1999లో సెబీ ప్రత్యేక నిబంధనలే తేవాల్సి వచ్చింది. పేరు మారి ఇప్పుడు ఎర్రచందనం, మలబార్ వేప, శ్రీగంధం మీద అదే లెక్క తిరుగుతోంది.

ఆ లెక్కలో తప్పు చాలా తేలిగ్గా పట్టుకోవచ్చు. మొక్కల సంఖ్యను ముదురు చెట్టు ధరతో గుణిస్తారు. ఎకరంలో నాటిన మొక్కల్లో చివరిదాకా నిలిచేది కొద్ది భాగమే. పైగా పదిహేనేళ్ల టేకులో చేవ సన్నగా ఉంటుంది, చుట్టూ ఉండేది తెల్లచెక్క. ధర పలికేది చేవకే, చెదను ఆపేది చేవే. కేరళలోని నిలంబూరులో 1840ల్లో వేసిన టేకు తోటలో కొంత భాగం నేటికీ నిలిచి ఉంది. టేకుకు కాలం ఎంత అవసరమో అర్థం కావడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. టేకు నాటొద్దని అనను. నీరు నిలవని నేల ఉంటే గట్టు మీద పదో ఇరవయ్యో పెట్టండి, పిల్లల ఇంటి తలుపులకు పనికొస్తాయి. అప్పు చేసి మాత్రం పెట్టకండి.

4. “ఒత్తుగా వేస్తే రెట్టింపు కర్ర”

మీటరుకు మీటరు దూరంలో వేస్తే ఎకరంలో 4,000 పైచిలుకు మొక్కలు పడతాయి. మూడు మీటర్లకు మూడు మీటర్లయితే 450. మొదటి లెక్క చూడ్డానికి బాగానే ఉంటుంది. కాగితం మిల్లుకు టన్నుల్లో అమ్మేవాళ్లకు ఒత్తు నాటు కొంతవరకు చెల్లుతుంది, మిల్లుకు కావలసింది గుజ్జు కాబట్టి. సారపాక, రాజమండ్రి మిల్లులను నమ్ముకొని ఉమ్మడి కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు సుబాబుల్ వేసింది ఈ లెక్కతోనే. ధర తగ్గిన ఏడాది ఆ సన్నకర్రకు వేరే దారి లేక వాళ్లు పడిన ఇబ్బంది కూడా మనకు తెలుసు.

సామిల్లుకు కావలసింది లావు. ఒత్తులో చెట్టు వెలుతురు కోసం పొడుగు సాగుతుంది గాని లావెక్కదు. మధ్యేమార్గం ఒకటుంది. రెండు మీటర్లకు రెండు మీటర్లు వేయండి, ఎకరానికి వెయ్యి మొక్కలు. మొదటి రెండు మూడేళ్లు పక్క చెట్ల నీడలో కింది కొమ్మలు వాటంతటవే ఎండి మొదళ్లు నిటారుగా లేస్తాయి. తర్వాత పలుచన చేస్తూ పోతే తీసినదంతా వంటచెరకు, మిగిలినదంతా కలప.

5. “లావుగా ఉన్నయ్యే ముందు కొట్టెయ్ బాబాయ్, సన్నవి తర్వాత ఎదుగుతయ్”

అన్ని సలహాల్లోకి ఎక్కువ నష్టం చేసింది ఇదే, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

వినడానికి న్యాయంగానే ఉంటుంది. పెద్దవాటికి డబ్బు వస్తుంది, చిన్నవాటికి చోటు దొరుకుతుంది. కానీ తోటలోని చెట్లన్నీ ఒకే రోజు నాటినవి. సన్నగా ఉన్నది చిన్న వయసుది కాదు, పోటీలో ఓడిపోయినది. దాని తల చిన్నది, వేరు చిన్నది, ఆకు తక్కువ. పక్కన లావు చెట్టు తీసేసినా అది ఒక్కసారిగా పుంజుకోదు. నీడకు అలవాటైన సన్న మొదలు ఒక్కసారిగా గాలికి, ఎండకు బయటపడి ఒరిగిపోతుంది. గింజ మొక్కల తోటయితే మరో నష్టం: వంకర చెట్లే గింజ రాలుస్తాయి, తర్వాతి తరం కూడా వంకరే. ఇలా రెండు కోతలయ్యేసరికి ఎకరం నిండా చెట్లే ఉంటాయి, సామిల్లుకు పోయే దుంగ ఒక్కటీ ఉండదు.

వరస తిరగేయండి. తోటలోకి వెళ్లేటప్పుడు గొడ్డలి ఇంట్లో పెట్టి, సున్నపు డబ్బా, కుంచె తీసుకెళ్లండి. ఒక్కో చెట్టు కింద నిలబడి ముందు పైకి చూడండి: తల గుబురుగా, నాలుగు వైపులా సమంగా ఉందా? తర్వాత మొదలు చూడండి: పది పన్నెండు అడుగుల దాకా నిటారుగా ఉందా, తక్కువ ఎత్తులో రెండుగా చీలిందా? బెరడు మీద పగుళ్లు, బంక కారిన మచ్చలు, తొర్రలు ఉన్నాయా? మూడింటిలోనూ నెగ్గిన చెట్టుకు రొమ్ము ఎత్తులో తెల్లచార వేయండి. ఎకరానికి ఇలాంటివి నూరు, నూటయాభై దొరికితే చాలు.

ఇప్పుడు ఆ చెట్ల తలలను ఒరుసుకుంటున్న పక్క చెట్లను మాత్రం తీయండి. ఒక్కసారే అన్నీ తీయకండి. ఒకసారి మూడో వంతుకు మించకుండా తీసి, తలలు మళ్లీ కలుసుకునే దాకా రెండు మూడేళ్లు ఆగండి. ఈలోగా వచ్చే సన్నకర్ర పొయ్యికి, కూరగాయల పందిళ్లకు, ఇటుక బట్టీలకు పోతుంది. తోటలో నిలబడినవి ఏటేటా లావెక్కుతాయి. రెండు మూడు కోతల తర్వాత కూడా తోటలో అన్నిటికంటే మంచి చెట్లు నిలబడే ఉంటే మీ పద్ధతి సరైనదని అర్థం.

6. “కొమ్మలన్నీ పైదాకా నరికెయ్, చెట్టు పైకి పోద్ది”

ఆకే చెట్టుకు తిండి. పైదాకా గొరిగిన చెట్టు పైకి పోతుంది గాని సన్నగానే పోతుంది, గాలికి విరుగుతుంది. చెట్టు ఎత్తులో కనీసం సగం పచ్చగా ఉంచండి. కింది కొమ్మలను బొటనవేలంత లావులో ఉన్నప్పుడే తీయండి.

కొడవలితో లాగి కొడితే బెరడు కిందికి చీలుతుంది, లేకపోతే బెత్తెడు ముక్క మిగులుతుంది. ఆ ముక్క ఎండి, చెట్టు దాని చుట్టూ లావెక్కుతుంది. పదేళ్ల తర్వాత పలక కోస్తే అది ఊడిపోయే ముడిగా బయటపడుతుంది, పలకలో కన్నం మిగులుతుంది. చేతిరంపంతో, కొమ్మ మొదట్లో ఉబ్బుగా కనిపించే మెడను వదిలి, దానికి ఆనించి కోయండి. కింద నుంచి చిన్న గాటు పెట్టి, తర్వాత పై నుంచి కోస్తే బెరడు చీలదు.

7. “ఎట్టా కొట్టినా పిలకలొస్తయ్”

జామాయిల్, సుబాబుల్ రెండూ మోడు నుంచి మళ్లీ లేస్తాయి. అది నిజమే. కానీ మొండి గొడ్డలితో కొట్టి, బెరడు చీల్చి, కూలీలు నిలబడి కొట్టడానికి వీలని మోకాలెత్తున వదిలేస్తే పిలకలు ఎత్తున పుడతాయి, గాలికి విరిగిపోతాయి. నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తులో, పదునైన రంపంతో, నీరు జారిపోయేలా కాస్త వాలుగా కోయండి. కొట్టిన కొమ్మలను మోడు మీద పోగు పెట్టకండి, వెలుతురు తగలాలి. నాలుగైదు నెలలకు పిలకలు గుత్తుగా లేస్తాయి. గాలి వీచే వైపున, మోడుకు గట్టిగా అతుక్కున్నవి ఒకటో రెండో ఉంచి మిగతావి తుంచేయండి. ఆ తుంచే పనికి బద్ధకించే తోటల్లో రెండో కోత అంతా చువ్వలే.

కొత్త పిలకల మీదికి మేకలను తోలకండి. సుబాబుల్ ఆకు బలమైన మేతే. కానీ అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంది. పశువుల మేతలో మూడో వంతుకు మించితే వెంట్రుకలు రాలడం, మేత తగ్గడం కనిపిస్తుంది. కోసిన రెమ్మలను గడ్డితో కలిపి కొద్దిగా పెట్టండి.

8. “రాటలెందుకు దండగ, కంచె తీగ చెట్టుకే కొట్టు”

తీగ కోసం కొట్టిన చిన్న మేకు పదిహేనేళ్ల తర్వాత వెలుగులోకి వస్తుంది. చెట్టు దాన్ని మింగేస్తుంది, బయటికి ఆనవాలు కూడా ఉండదు. సామిల్లులో బ్యాండ్ రంపం దానికి తగిలితే పళ్లు ఊడతాయి, ఒక్కోసారి బ్లేడు తెగి మనుషుల మీదికి లేస్తుంది. అందుకే గట్టు మీది చెట్టు, రోడ్డు పక్క చెట్టు అనగానే మిల్లువాళ్లు ధర తగ్గిస్తారు, కొందరు కోయనే కోయరు. ఇనుము తగిలిన చోట కర్ర నీలంగా, నల్లగా మచ్చ పడుతుంది కూడా. కంచెకు వేరే రాటలు పాతండి. తప్పనిసరైతే చెట్టుకు కర్రబద్ద కట్టి, తీగను ఆ బద్దకు బిగించండి.

గట్టు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. చలికాలం పొద్దు దక్షిణం వైపు వాలి ఉంటుంది, నీడ ఉత్తరానికి పడుతుంది. ఉత్తరపు గట్టున వరస పెడితే మీ చేను బాగుంటుంది, పక్కవాళ్ల మిరప నీడన పడుతుంది. ఆ తగాదా తోట ఆదాయం కంటే పెద్దదవుతుంది. డొంక పక్కన, కాలువ పక్కన, మీ సొంత చెక్కల మధ్య పెట్టుకోండి. చెట్ల వరసకూ పైరుకూ మధ్య మూడడుగుల లోతు కాలువ తీస్తే వేళ్ల పోటీ తగ్గుతుంది.

9. “పడేవైపు తాడు కట్టి లాగితే చాలు, కోసెయ్”

ఒకే వైపు నుంచి కోసుకుంటూ పోతే చెట్టు సగంలో నిలువునా చీలి, మొదలు వెనక్కి తన్నుతుంది. ఆ దెబ్బకు బతికేవాళ్లు తక్కువ. ముందు పడవలసిన వైపు, మొదలు లావులో నాలుగో వంతు లోతుకు వెడల్పాటి గాటు తీయండి. తర్వాత వెనక వైపు నుంచి, గాటు అడుగుకంటే అంగుళం రెండంగుళాలు పైన కోయండి. మధ్యలో లావులో పదో వంతు కర్ర కోయకుండా వదలండి. ఆ వదిలిన పట్టీయే తలుపు మడతబందులా పనిచేసి చెట్టును అనుకున్న వైపు వంచుతుంది. కోసే మనిషి వెనక్కి, పక్కకి వాలుగా తప్పుకునే దారి ముందే శుభ్రం చేసుకోవాలి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఎవరూ ఉండకూడదు. కరెంటు తీగలు దగ్గరుంటే లైను ఆపించకుండా గొడ్డలి ఎత్తకండి. గాలి రోజున మానుకోండి. కూలి మిగిలిందని సంతోషపడేలోపు ప్రాణం పోవచ్చు.

10. “పచ్చి కట్టె నిదానంగా కాలుద్ది, ఆదా”

అప్పుడే కొట్టిన కర్ర బరువులో దాదాపు సగం నీరు. పొయ్యిలో మంట ముందు ఆ నీటిని ఆవిరి చేయాలి, తర్వాతే గిన్నె వేడెక్కుతుంది. నిదానంగా కాలినట్టు కనిపించేది అందుకే. సరిగా కాలని భాగం పొగై ఇంట్లో ఆడవాళ్ల కళ్లలోకి, గుండెల్లోకి పోతుంది. సంక్రాంతికి కొట్టి, చీల్చి, నేలకు తగలకుండా పేర్చి, పైన మాత్రం కప్పి, పక్కలకు గాలి వదిలితే మన వేసవి చాలు, తొలకరికి కట్టె సిద్ధం. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి కొట్టి చూడండి, ఎండినది ఖణేల్‌మంటుంది. పత్తి కట్టె, మిరప కట్టె, కంది కంప ఇంట్లో ఉన్నప్పుడు చిన్న మంటకు వాటినే వాడి, తోట కట్టెను పెద్ద వంటలకు దాచుకోండి.

అమ్మేటప్పుడు ఇదే నీరు లెక్కలోకి వస్తుంది. సగం నీరున్న టన్ను కర్రలో అసలు కర్ర 500 కిలోలు. తేమ 20 శాతానికి ఆరితే ఆ టన్ను 625 కిలోలు తూగుతుంది. టన్నుల్లో అమ్మేవాళ్లు కొట్టిన వెంటనే కాటా వేయించాలి. లారీ వస్తుందని పది రోజులు ఎండలో పెడితే మీ డబ్బే ఆవిరవుతుంది. ఇంటికి కొనేవాళ్లు ఎండిన కట్టెకు కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టపోరు.

11. “గుత్తకు ఇచ్చెయ్, తలనొప్పి ఉండదు. కొలత వాళ్లే చూసుకుంటారు”

ఎకరం మొత్తానికి ఒక ధర అనగానే ప్రాణం తేలికపడుతుంది. కొన్నవాళ్లు మాత్రం తోటలోనే కర్రను వేరు చేస్తారు: లావు దుంగలు సామిల్లుకు, మధ్యస్థం కాగితం మిల్లుకు, సన్నది బట్టీకి. మీకు ముట్టేది బట్టీ ధర. ఆ వేరుచేసే పని మీరే చేసుకోండి. రెండడుగుల చుట్టుకొలత దాటి, ఎనిమిదడుగులు నిటారుగా ఉన్న దుంగలను పక్కన పెట్టి కలపగా అమ్మండి. మిగతాదే టన్నుల లెక్క.

కలప కొలత ఇలా ఉంటుంది. దుంగ నడిమి చుట్టుకొలతను నాలుగుతో భాగిస్తారు. వచ్చిన అంకెను దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. చుట్టుకొలత 36 అంగుళాలు, పొడవు 8 అడుగులు అనుకోండి. 36లో నాలుగో వంతు 9. తొమ్మిది తొమ్ములు 81. ఇంటు 8, బై 144. నాలుగున్నర ఘనపుటడుగులు. అదే దుంగను గుండ్రటి స్తంభంగా లెక్కిస్తే 5.73 వస్తుంది. అంటే ఈ పద్ధతి అసలు కర్రలో 21 శాతం పైచిలుకు వదిలేస్తుంది. ఇది మోసం కాదు. కోతలో పోయే పైచెక్క, రంపపు పొట్టు లెక్కలోకి తీసుకునే పాత పద్ధతి. కానీ ఈ పద్ధతిలో కొలిచి, పైగా “కోతలో పోతుంది” అని ధర మళ్లీ తగ్గిస్తే అప్పుడు ఒప్పుకోకండి. టేపు మీ దగ్గర ఉండాలి, చీటీ మీరే రాసుకోవాలి, ప్రతి దుంగకు నంబరు వేయాలి.

12. “పలకలు ఎండలో పడెయ్, నాలుగు రోజుల్లో ఆరిపోతయ్”

మన పల్నాడు ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. రాష్ట్రంలో ఎండ లెక్క వచ్చినప్పుడల్లా రెంటచింతల పేరు వినపడుతుంది. ఆ ఎండలో పచ్చి పలక పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడే. ఫలితం చీలికలు, మెలికలు. కర్రలో తేమ 30 శాతం కిందికి వచ్చాకే ముడుచుకోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి 12 శాతం దాకా నెమ్మదిగా దించడమే ఆరబెట్టడంలోని పనితనం.

దుంగ కొట్టిన రోజే రెండు కొసలకు పెయింటో కరిగించిన మైనమో పూయండి, కొసల నుంచే తేమ వేగంగా పోయి పగులుతుంది. జామాయిల్ దుంగలు మరీ త్వరగా చీలతాయి, వారం ఆగకుండా కోయించండి. మిల్లులో దుంగను రెండు పక్కల నుంచి మార్చి మార్చి కోయమనండి, ఒకే పక్క నుంచి కోస్తే పలక విల్లులా వంగుతుంది. నడిమి గుజ్జు ఉన్న ముక్కను ద్వారబంధానికి వాడకండి, తప్పకుండా పగులుతుంది. పలకలను నీడలో, నేలకు అడుగు ఎత్తున, రెండడుగులకు ఒక అంగుళపు బద్ద చొప్పున అడ్డంగా పెట్టి పేర్చండి. బద్దలన్నీ ఒకదాని మీద ఒకటి తిన్నగా రావాలి. పైన బరువు పెట్టండి. అంగుళం పలకకు కొన్ని నెలలు ఓపిక పట్టండి.

అమావాస్యకు కొడితే పురుగు పట్టదని పెద్దలు చెబుతారు. పురుగు వచ్చేది తెల్లచెక్కలో ఉండే పిండి పదార్థం కోసం. దానికి మందు వేరే ఉంది: తెల్లచెక్క తీసేయడం, త్వరగా కోసి ఆరబెట్టడం, ఇంట్లో వాడే పలకలను పచ్చిగా ఉన్నప్పుడే బోరిక్ యాసిడ్, బోరాక్స్ కలిపిన నీళ్లలో నానబెట్టడం. వానకు తడిసే చోట ఆ మందు కడుక్కుపోతుంది, అక్కడ చేవ కర్రే వాడాలి.

13. “నీ పొలం, నీ చెట్టు, కాగితాలెందుకు?”

సొంత పొలంలో చెట్టు కొట్టడానికి కూడా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వర్తిస్తుంది. కర్ర రోడ్డెక్కితే 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు వర్తిస్తాయి. కొన్ని జాతులకు మినహాయింపులు ఉంటాయి, ఆ జాబితా ఎప్పటికప్పుడు మారుతుంది. టేకు, ఎర్రచందనం లాంటివాటికి అనుమతి లేకుండా గొడ్డలి తాకించకూడదు. నరికే నెల ముందు మీ అటవీ రేంజి కార్యాలయంలో మీ జాతి పేరు చెప్పి, సర్వే నంబరు చూపించి, రాతపూర్వకంగా అడగండి. లారీ మనిషి “నేను చూసుకుంటా” అంటే నమ్మకండి. చెక్‌పోస్టులో లారీ ఆగితే పేరు అడిగేది పొలం యజమానినే.

చివరిగా చెప్పేది ఒక్కటే. 2014లో మన దేశం వ్యవసాయ అడవుల విధానం తెచ్చింది. పొలంలో చెట్టును ప్రోత్సహించాలని ప్రభుత్వమే రాసుకుంది. మొక్కలు దొరుకుతున్నాయి, సలహాలు ఇంకా సులువుగా దొరుకుతున్నాయి. కానీ తోటకు నిజంగా కావలసింది ఏడాదికి రెండుసార్లు దాన్ని నడిచి చూసే మనిషి. పెదకూరపాడులోనైనా, పక్క క్రోసూరులోనైనా, అమరావతిలోనైనా కర్ర తోట ఉన్నవాళ్లంతా ఈసారి బేరగాణ్ని పిలిచే ముందు సున్నపు డబ్బా పట్టుకుని లోపలికి వెళ్లండి. మంచి చెట్లకు చార వేయండి. చార ఉన్న చెట్టును ఎవరు ఎంత ధర చెప్పినా ఈ ఏడు అమ్మకండి.